ఒరేయ్ అనడం మానేసిన మిషను

ఇప్పుడు ఈ లోకంలో తిరుగుతున్న కోళ్లలో సగం మా తాత మాట విని గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చినవే. మిగతా సగం పుట్టు చెవిటివి. రేపెప్పుడో చంద్రుడి మీద ఒక కోడి కూసిందంటే, అది కూడా మా తాత ఉన్న దిక్కుకు తిరిగి ఒక దండం పెట్టుకున్నాకే కూస్తుంది. ఇవన్నీ తాత చెప్పుకునే గొప్పలని అనుకోకండి. తాత చెప్పుకునేవి ఇంకా పెద్దవి. చదివేవాళ్లు నవ్వుతారని నేనే కాస్త కోసి రాస్తున్నాను.

తాత పనిచేసింది కోడిపిల్లల్ని పుట్టించే హేచరీలో. బయటి నుంచి చూస్తే కిటికీలు లేని పొడుగాటి షెడ్డు. లోపల వరసగా గదులు. ఒక్కో గదికి మందపాటి తలుపు, తలుపు తీస్తే మొహానికి తడి వేడి కొడుతుంది. గదుల నిండా అరల బళ్లు, అరల నిండా ట్రేలు, ట్రేల నిండా గుడ్లు. వాటికి తల్లి లేదు. ఒక హీటరు, ఒక ఫ్యాను, కాసిన్ని నీళ్ల తుంపర, అదే వాటి తల్లి. పొదగడం అయిపోవస్తుంటే ట్రేలన్నీ చివరి గదిలోకి తోస్తారు. దాన్ని అక్కడ పగిలే గది అంటారు. ఒక పొద్దున ఆ తలుపు తీస్తే చెవులు చిల్లులు పడేలా కిచకిచలు. ఆ పిల్లలన్నీ బల్ల మీదికొస్తాయి. బల్ల దగ్గర మా అమ్మమ్మ కూర్చుంటుంది. పిల్లను ఎత్తుతుంది, రెక్క విప్పి చూస్తుంది, పెట్ట అయితే కుడివైపు పెట్టెలోకి, పుంజు అయితే ఎడమవైపు డ్రమ్ములోకి. డ్రమ్ములోకి వెళ్లినవి ఏమవుతాయమ్మమ్మా అని అడిగితే, "పెట్టెలోకి వెళ్లినవి మాత్రం ఏమవుతాయి? నోర్మూసుకుని తిను" అంటుంది. మా ఇంట్లో ముద్దుమాటలు ఈ మోస్తరుగానే ఉంటాయి.

తాత అక్కడ చేరింది కరెంటు పనికి. హేచరీ యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆ పెద్దాయనకి ఎక్కడో చూసి కంప్యూటరు మీద మోజు పుట్టింది. దాన్ని బిగించడానికి వచ్చిన మనిషి కుళ్లిన గుడ్ల వాసనకి తట్టుకోలేక పని సగంలో వదిలేసి పారిపోయాడు. మిగతా సగం తాత పూర్తి చేశాడు. ఎలా నేర్చుకున్నాడంటే, తిట్టుకుంటూ నేర్చుకున్నాడు. అందుకే ఆయన రాసిన ప్రోగ్రాం కూడా ఆయనలాగే మాట్లాడేది. గదిలో తుంపరకి నీళ్లు తగ్గితే స్క్రీను మీద "ఒరేయ్, నీళ్లు తగ్గాయి. పట్టమంటావా?" అని వచ్చేది. వేడి పెరిగితే "ఒరేయ్, లోపల ఉడికిపోతోంది, పిల్లలు చస్తాయి. గాలి వదలమంటావా?" అని వచ్చేది. ఒకటి నొక్కితే సరే అని. సున్నా నొక్కితే వద్దని. ఏదీ నొక్కకపోతే అది అలాగే మన మొహం చూస్తూ కూర్చునేది.

అడగకుండా ఏదీ చెయ్యకపోవడం దాని గుణం. మొదట్లో అలా ఉండేది కాదు, దానంతటదే చేసేసేది. ఒకసారి వేడి కొలిచే తీగ తడిసి, చల్లగా ఉన్న గదిని కాలిపోతోందనుకుని గాలంతా వదిలేసి, గదిలో గుడ్లన్నిటినీ చలికి చంపేసింది. అప్పటి నుంచి తాత దానికి అడిగే బుద్ధి నేర్పాడు. "మనిషిని అడక్కుండా ఏ మిషనూ వేలు కదపకూడదు" అనేవాడు. ఇంట్లో మాత్రం ఎవర్నీ అడక్కుండా అన్నీ ఆయనే కదిపేవాడు, అది వేరే సంగతి.

అడిగే మిషను ముందు ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి కదా. కూర్చున్నవాళ్లు కునుకు తీసేవాళ్లు. అందుకని తాత మూలనపడిన ఇంకో పాత కంప్యూటరు తెచ్చి, దానికి ఒక చిన్న ప్రోగ్రాం రాసి, కంట్రోలు గదిలోనే ఖాళీ అట్టపెట్టెల వెనక పెట్టాడు. దానికి ఒక్కటే పని. పెద్ద ప్రోగ్రాం స్క్రీను మీద రాసే ప్రతి మాటనీ ఇది చదువుతూ ఉంటుంది. అందులో "ఒరేయ్" కనబడిందా, గంట కొడుతుంది. ఆ గంటలు ఆవరణలో ఒకటి, ప్యాకింగు షెడ్డులో ఒకటి, గేటు పక్క గదిలో ఒకటి. పెద్దది నోరైతే ఇది చెవి. ఆ చెవికి తెలిసిన మాట ఈ భూమ్మీద అదొక్కటే.

గంట వినగానే పరిగెత్తుకెళ్లి, స్క్రీను చూసి మీట నొక్కే పని అమ్మమ్మ తమ్ముడిది. అందుకే ఆయన్ని అందరూ గంటయ్య అనేవారు. ఆ పని దొరక్కముందు, భార్య పోయిన దగ్గర్నుంచి, గంటయ్య తాత ఇంట్లోనే ముందు గదిలో ఒక బల్ల మీద పడుకుని బతికాడు. తాతకి బావమరిది కావడం ఒక కష్టం, తాత ఇంట్లో ఉండే బావమరిది కావడం ఇంకో కష్టం. భోజనానికి కూర్చుంటే "వచ్చాడండీ, గుడ్డు పెట్టని కోడి" అనేవాడు తాత. గంటయ్య చెప్పు తెగితే "అదైనా పోయింది, నువ్వెప్పుడు పోతావురా" అనేవాడు. అమ్మమ్మ వినీ విననట్టు గిన్నెలు తోముకునేది. గంట పనితో పాటు గేటు పక్క గది కూడా ఇచ్చాడు పెద్దాయన. ఒక మంచం, గోడకి అద్దం, పెయింటు డబ్బాలో ఒక మొక్క, తల దగ్గర రేడియో. "తలుపుకి లోపలి నుంచి గడియ ఉందక్కా" అని గంటయ్య వచ్చిన ప్రతిసారీ అమ్మమ్మతో చెప్పుకునేవాడు. పని పోతే ఆ గది పోతుంది. గది పోతే మళ్లీ తాత ఇంటి బల్లే. ఇది గంటయ్యకీ తెలుసు, తాతకీ బాగా తెలుసు.

పెద్దాయన మంచం పట్టాడు. ఆయన కుర్చీలోకి అల్లుడు వచ్చాడు. అల్లుడుగారు చెడ్డవాడని అనలేం. ఇస్త్రీ మనిషి, అంతే. చొక్కాకీ ఇస్త్రీ, మాటకీ ఇస్త్రీ. ఒకరోజు పిల్లల్ని కొనే పెద్ద వ్యాపారుల్ని వెంటబెట్టుకుని కంట్రోలు గదిలోకొచ్చి, "మా దగ్గర అన్నీ కంప్యూటరే చూసుకుంటుందండీ, మనిషి చెయ్యి పడదు" అని చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే స్క్రీను మీద "ఒరేయ్, నీళ్లు తగ్గాయి. పట్టమంటావా?" అని పడింది. గంట గణగణమంది.

వ్యాపారుల్లో ఒకాయన కళ్లజోడు సర్దుకుని చదివి, "మిమ్మల్నే పిలుస్తున్నట్టుందండీ" అన్నాడు.

"పట్టండి, పట్టండి. పాపం దాహమేస్తోందేమో" అన్నాడు ఇంకొకాయన.

అంతలో గంటయ్య రొప్పుకుంటూ లోపలికొచ్చి, ఎవరున్నారో చూడకుండా, "వస్తున్నాలేరా, చంపకు" అని స్క్రీనుకి చెప్పి మీట నొక్కాడు. వ్యాపారులు పొట్ట పట్టుకుని నవ్వారు. అల్లుడుగారికి తల కొట్టేసినట్టయింది. వాళ్లు వెళ్లాక తాతని పిలిపించాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే బాబూ."

"యజమానిని పట్టుకుని ఒరేయ్ అంటుందా?"

"దానికి యజమాని ఎవరో నౌకరు ఎవరో తెలీదు బాబూ. ఎదురుగా ఎవరుంటే వాళ్లనే అంటుంది. పెద్దాయన్ని కూడా అనేది. ఆయన 'ఏంట్రా' అని పలికి నొక్కేవారు."

"మావగారు పలుకుతారేమో, నేను పలకను. సంతకాలకి వాళ్లు మళ్లీ వస్తున్నారు. అప్పటికి ఇది మర్యాదగా మాట్లాడాలి. మీకు చేతకాకపోతే చెప్పండి, బయటివాళ్లని పిలిపిస్తాను."

చేతకాకపోతే అన్న మాట తాతకి ఎక్కడ తగలకూడదో అక్కడే తగిలింది. "మర్యాదే కదా కావాలి, కక్కిస్తాను చూడు" అని గొణుక్కుంటూ మిషను ముందు కూర్చున్నాడు. ఒక పూటలో మాటలన్నీ మార్చిపారేశాడు. నీళ్లకి ఇలా రాశాడు: "అయ్యగారికి నమస్కారం. నీటి మట్టం కొంచెం తగ్గినట్టు తమరికి మనవి చేసుకుంటున్నాను. పట్టడానికి తమరి అనుమతి కోరుతున్నాను." వేడికి ఇలా: "అయ్యగారికి నమస్కారం. లోపల వెచ్చదనం కాస్త ఎక్కువైనట్టు తమరి దృష్టికి తెస్తున్నాను. తమరు సెలవిస్తే గాలి వదులుతాను." అంతా వెటకారమే. అల్లుడుగారు అది కనిపెట్టి కోప్పడితే ఇంకో నాలుగు అంటించాలని కాచుక్కూర్చున్నాడు. అల్లుడుగారు వచ్చి, నిదానంగా చదివి, "ఇదీ పద్ధతంటే" అని తాత భుజం తట్టి వెళ్లిపోయాడు. అప్పుడు తాత మొహం, ఉప్పనుకుని పంచదార నోట్లో వేసుకున్నట్టు అయిందట.

అలా నోటికి కొత్త మాటలు వచ్చాయి. అట్టపెట్టెల వెనక ఉన్న చెవి సంగతి తాత మర్చిపోయాడు. పాత మాటని నమ్ముకుని అది అక్కడ కూర్చునే ఉంది.

తేడా మొదట బల్ల దగ్గరి ఆడవాళ్లకి తెలిసింది. అటూ ఇటూ వెళ్తూ కంట్రోలు గది స్క్రీను చూసి, బయట పైపు తిప్పడమో గది తలుపు తియ్యడమో వాళ్ల వంతు, కానీ వాళ్లలో సగం మందికి చదువు రాదు. ఇన్నేళ్లూ వాళ్లు స్క్రీను మీద మాట చదవలేదు, మాట పొడుగు చూశారు. పొట్టిదైతే నీళ్లు, పొడుగుదైతే వేడి. ఇప్పుడు అన్నీ పొడుగే. నీళ్ల పైపు తిప్పాల్సిన ఆవిడ గది తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. "మర్యాద నేర్చుకోండే, మర్యాద" అని తాత నవ్వాడు కానీ, ఏదో ఒకటి చెయ్యాలి కదా. గంటయ్యే స్క్రీను ముందు ముక్కాలి పీట వేసుక్కూర్చుని, వచ్చింది వచ్చినట్టు గట్టిగా చదివి వినిపించడం మొదలుపెట్టాడు. అయ్యగారికి నమస్కారం అని గంటయ్య రాగం తీస్తే ఆడవాళ్లు నవ్వలేక చచ్చేవాళ్లు. అలా కొన్నాళ్లు గడిచాయి. ఒకరోజు తాత అటు వస్తే గంటయ్య లేచి నిలబడ్డాడు.

"బావా, ఒక మాట."

"తిండి మాటైతే మీ అక్కనడుగు."

"అది కాదు. నువ్వు మాట మార్చినప్పటి నుంచి గంట మోగలేదు."

"ఎలా మోగుతుందిరా? దెయ్యంలా నువ్వే దాని ముందు కూర్చుని, అది నమస్కారం అనేలోపే మీట నొక్కేస్తుంటే గంటకి సందేది?"

"అంతేనంటావా? ఒక్కసారి నొక్కకుండా ఊరుకుని చూద్దామా?"

"లోపల గుడ్లు పగిలే వేళ. చూద్దామట! ఉడకబెట్టి చూద్దామా? ముందు నీ చెవులు చూపించుకో. మొన్న పిలిస్తే పలకలేదు."

"మొన్న నువ్వు పిలిచింది కుక్కని కదా బావా."

"పిలుపు ఒక్కటే కదరా."

చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. గంటయ్య కూడా నవ్వాడు. నవ్వకపోతే తాత ఇంకోటి అంటాడని ఆయనకి తెలుసు.

సంతకాల రోజు వచ్చింది. అల్లుడుగారు పొద్దున్నే కంట్రోలు గదిలో పీట చూసి, "ఇదేమిటి? ఇక్కడ మనిషి కనబడకూడదు. మనిషి చెయ్యి పడదని చెప్పాను" అన్నాడు. గంటయ్య పీట మీంచి లేచాడు. "గంట ఉంది కదయ్యా, మోగితే రా" అని అల్లుడుగారు పీట బయట పెట్టించాడు. మధ్యాహ్నం అందర్నీ ప్యాకింగు షెడ్డులో పోగేసి, వ్యాపారుల్ని ముందు కూర్చోబెట్టి, మాట్లాడటం మొదలుపెట్టాడు. గంటయ్య వెనకాల, సరిగ్గా గంట కిందే నిలబడ్డాడు.

పగిలే గదిలో ఫ్యాను బెల్టు తెగింది. కదలని వేడి గదిలో పేరుకుపోయింది. పెద్ద ప్రోగ్రాం వెంటనే కనిపెట్టింది. ఖాళీ గదిలో, పీట తీసేసిన చోటుకి నమస్కారం పెట్టింది. వెచ్చదనం కాస్త ఎక్కువైనట్టు దృష్టికి తెచ్చింది. సెలవు అడిగింది. అట్టపెట్టెల వెనక చెవి ప్రతి అక్షరమూ చదివింది. ఎక్కడా ఒరేయ్ లేదు. ఎవరో ఏదో మర్యాదగా మాట్లాడుకుంటున్నారు, మనకెందుకని ఊరుకుంది. పెద్ద ప్రోగ్రాం చేతులు కట్టుకుని, ఎవర్నీ తొందరపెట్టకుండా, అల్లుడుగారి మాటలు అయిపోయేదాకా అలాగే నిలబడింది.

చప్పట్లు అయిపోయాక అమ్మమ్మ ట్రేలు తేవడానికి వెళ్లింది. తలుపు మీద చెయ్యి వేసి ఆగిందట. ఆ తలుపు అవతల కిచకిచలుండాలి. లేవు. తీసింది. కొన్ని గుడ్లకి చిన్న చిల్లు పడి, చిల్లులోంచి ముక్కు బయటికి వచ్చి ఉంది. కొన్నిటికి తల బయట, ఒళ్లు లోపల. కొన్ని పూర్తిగా బయటపడి, తడి ఆరి, పచ్చగా ముద్దుగా, గాలి కోసం ట్రే అంచుకి పాకి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆ రోజు అమ్మమ్మకి పెట్టనీ పుంజునీ వేరుచేసే పని లేకపోయింది. అన్నీ ఎడమవైపుకే.

తాత ముందు స్క్రీను దగ్గరికి పరిగెత్తాడు. అది ఇంకా అడుగుతూనే ఉంది, తమరు సెలవిస్తే గాలి వదులుతానని. తాత ఒకటి నొక్కాడు. గోడకున్న రెండో ఫ్యానులోంచి చచ్చినవాటి మీదికి గాలి హోరున వీచింది. అప్పుడు ఆయన చూపు అట్టపెట్టెల వైపు మళ్లింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

వెనకాలే అల్లుడుగారు, ఆయన వెనకాల అందరూ వచ్చారు.

"గంట ఎందుకు మోగలేదు? పాడైందా?"

తాత అట్టపెట్టెలు జరిపి, వెనక్కి చెయ్యి పెట్టి, గంట మీటని చేత్తోనే నొక్కాడు. ఆవరణంతా అదిరేలా గంటలు మోగాయి. గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఉలిక్కిపడ్డారు.

"గంట బాగానే ఉంది" అన్నాడు తాత.

అది అబద్ధం కాదు. గంట బాగానే ఉంది.

అల్లుడుగారు గంటయ్య వైపు తిరిగాడు. "గంట కిందే నిలబడ్డావు కదా. వినలేదా?"

"మోగలేదు బాబూ."

"బాగున్న గంట మోగకుండా ఎలా ఉంటుంది? మీలో ఎవరైనా విన్నారా?"

ఆడవాళ్లు నేల చూపులు చూశారు. అల్లుడుగారి మాటలకి తాము సరిగా చప్పట్లు కొట్టలేదని అనుకుంటాడేమోనని ఒకావిడకి భయం వేసింది. "చప్పట్లలో కలిసిపోయిందేమోనండీ" అంది. కాస్త ఆగి, "మొన్న వాళ్ల బావ పిలిచినా ఈయన పలకలేదటండీ" అని కూడా అంది. తాత ఆడిన వేళాకోళం ఆవిడకి గుర్తుంది. అది వేళాకోళమని గుర్తులేదు.

అందరూ తాత వైపు చూశారు. ఒక్క మాట చాలు. తాత చేతులకి అట్టపెట్టెల దుమ్ము అంటుకుంది. దులుపుకున్నాడు. అంత దుమ్ము లేదు, అయినా దులుపుకుంటూనే ఉన్నాడు. గంటయ్య కూడా అందరితో పాటు తాతనే చూశాడు. చూసి చూసి, చివరికి ఆయనే మాట్లాడాడు.

"ఏమో బాబూ. మోగిందేమో. వయసు మీద పడుతోంది. నాకే వినబడలేదేమో."

పని పోయింది. గది పోయింది. గంటయ్య పక్కబట్టలు చుట్టి, అద్దం చంకన పెట్టుకుని, మొక్క డబ్బా పట్టుకుని మళ్లీ తాత ఇంటి ముందు గదికి వచ్చాడు. రేడియో తేలేదు. "చెవిటివాడికి రేడియో ఎందుకులే" అని ప్యాకింగు షెడ్డులో ఆవిడకే ఇచ్చేశాడు. గంట చప్పట్లలో కలిసిపోయిందేమో అన్న ఆవిడకే.

ఆ రోజు సాయంత్రమే తాత, అందరూ వెళ్లిపోయాక, చెవికి కొత్త మాట నేర్పాడు. నమస్కారం కనబడినా గంట కొట్టమని. అంత చిన్న పని. భోజనానికి కూడా ఆలస్యం కాలేదు.

ఇక ఇంట్లో మొదలైంది. చెవిటివాడని అందరూ గంటయ్యతో అరిచి మాట్లాడటం. మా అమ్మ అరిచేది, పక్కింటివాళ్లు అరిచేవాళ్లు. అందరికంటే గట్టిగా తాత అరిచేవాడు. "భోజనం! భో, జ, నం!" అని చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే గంటయ్య ఉలిక్కిపడేవాడు. ఉలిక్కిపడితే, "ఇప్పుడు వినబడిందిరా మహానుభావుడికి" అనేవాడు తాత. ఎవరైనా మామూలుగా మాట్లాడింది వినబడితే, పెదాల కదలిక చూసి పోల్చుకున్నానేమోనని గంటయ్యే అనుమానపడేవాడు. ఎవరు మాట్లాడినా ఒక చెవి వాళ్ల వైపు తిప్పి, నోరు కొంచెం తెరిచి, చెవిటివాళ్లు కూర్చున్నట్టే కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. పైగా ఇంకో బాధ.

"బావా, చెవిలో గంట మోగినట్టుంటోంది. మోగుతుంది, ఆగుతుంది, మళ్లీ మోగుతుంది."

తాత ఇల్లు హేచరీ గోడకి ఇవతలే.

"చెవుడు ముదిరితే అలాగే ఉంటుందిరా" అన్నాడు తాత.

అమ్మమ్మ సెలవు దొరికిన ఒక రోజున ముందు గదిలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. బల్ల మీద పడుకున్న గంటయ్య సగం లేచి, "అదిగో అక్కా, మళ్లీ మోగుతోంది చెవిలో" అన్నాడు. అమ్మమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. గోడ అవతల నుంచి, పలచగా, గంట. కత్తిపీట చప్పుడులో ఆవిడకి అప్పటిదాకా వినబడనే లేదు. పడుకున్నవాడికి వినబడింది. అమ్మమ్మ మళ్లీ కత్తిపీట మీదికి వంగింది. మిగిలిన కూరగాయలు తరిగేసింది. తాత ఇంటికొచ్చాక వంటింట్లోకి పిలిచింది.

"వాడి చెవులు నా చెవుల కంటే బాగున్నాయి. ఆ రోజు గంట మోగలేదు. ఎందుకు మోగలేదో చెప్పు."

తాత అటు చూశాడు, ఇటు చూశాడు. చెప్పాడు.

"వెళ్లి అల్లుడుగారికి చెప్పు. వాడి గది వాడికి ఇప్పించు."

"చెబితే నా పని పోతుందే."

"పోనీ. ఇద్దరూ ముందు గదిలో పడుకుందురు గాని. వాణ్ని నువ్వు తిట్టు, నిన్ను నేను తిడతాను."

మర్నాడు తాత వెళ్లాడు. అల్లుడుగారి ముందు నిలబడి, నోరూ చెవీ కథంతా చెప్పాడు. అల్లుడుగారు మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"మరి ఆ రోజు గంట బాగానే ఉందన్నారు?"

"గంట గురించే కదా బాబూ అడిగారు."

అల్లుడుగారికి నవ్వొచ్చింది. "నిజమే, దాని గురించే అడిగాను" అన్నాడు. తర్వాత పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, ఇలా చెప్పాడు. "చూడండి. ఆ ముసలాయన చెవుల వల్లే పిల్లలు పోయాయని మావగారికి చెప్పాను. కొనేవాళ్లకీ అదే చెప్పాను. ఆయన్ని తీసేశామని విన్నాకే వాళ్లు సంతకం పెట్టారు. ఇప్పుడు నేను మాట మారిస్తే, ఆ మాట మీద నిలబడ్డవన్నీ కదులుతాయి. ఆ మిషను సంగతి మీ ఒక్కరికే తెలుసు. వెళ్లి పని చూసుకోండి. ఆయనకి కావాలంటే చెవులకి మంచి డాక్టరుని చూద్దాం."

తాత బయటికొచ్చి గేటు దాటాడు. దాటాక ఆకలి వేసిందట.

"ఏమన్నాడు?" అంది అమ్మమ్మ.

"కుదరదన్నాడు."

"నీ పని?"

"ఉంది."

"ఉంటుంది" అని అమ్మమ్మ కంచం నేల మీద పెట్టింది. పెట్టిన తీరుకి కంచం తాత దాకా జారింది.

గంటయ్యకి తాతే చెప్పాలని అమ్మమ్మ పట్టుబట్టింది. తాత బల్ల పక్కన నిలబడి, అలవాటు కొద్దీ అరిచి మొదలుపెట్టి, మధ్యలో గొంతు తగ్గించాడు. "ఒరేయ్, ఆ రోజు గంట మోగలేదురా. నేను స్క్రీను మీద మాట మార్చి, అట్టపెట్టెల వెనక దాంట్లో మార్చలేదు."

గంటయ్య అలవాటు ప్రకారం ఒక చెవి తిప్పి విన్నాడు. తర్వాత మొహం తిన్నగా పెట్టాడు.

"అయితే నా చెవులు?"

"బాగానే ఉన్నాయి."

"ఇన్నాళ్లూ లోపల మోగింది?"

"గంటే."

"రేడియో ఇచ్చేశాను బావా" అన్నాడు గంటయ్య. గది గురించి అడగలేదు. అల్లుడుగారు ఏమన్నాడని అడగలేదు. దుప్పటి మడుస్తూ మళ్లీ, "మంచి రేడియో. ఇచ్చేశాను" అన్నాడు.

ఆ రోజు నుంచి గంటయ్యకి మళ్లీ అన్నీ వినబడుతున్నాయి. పక్కింట్లో గ్లాసు పడితే వినబడుతుంది. నేను వంటింట్లో డబ్బా మూత తీస్తే ముందు గదిలోంచి "ఎవరది?" అంటాడు. తాత మాట మాత్రం వినబడదు. తాత పక్కనే కూర్చుని ఉప్పు అందుకోమంటే, పెరట్లో అమ్మమ్మ సణుగుడికి బదులిస్తూ ఉంటాడు. తాత అరిస్తే, చెవి తిప్పి, నోరు కొంచెం తెరిచి, "ఏంటి బావా? చెవులు పోయాయి కదా, కాస్త గట్టిగా చెప్పు" అంటాడు. తాత ఇంకా గట్టిగా అరుస్తాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఇద్దరూ ఒకే గదిలో, ఎదురెదురుగా, ఇన్నేళ్లుగా ఇంతే. హేచరీ నుంచి తాతని కూడా పంపించేశారు, మిషనుతో సహా. కొత్త మిషను ఎవర్నీ ఏమీ అడగదట.

ఇదంతా రాసి మొన్న ముందు గదిలో ఇద్దరి మధ్యా కూర్చుని చదివి వినిపించాను. కోళ్ల దగ్గర గంటయ్య నవ్వాడు. డ్రమ్ము దగ్గర అమ్మమ్మ లేచి లోపలికి వెళ్లింది. తాత కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. ఎలా ఉంది తాతా అంటే, కళ్లు తెరిచి, నా వైపు కాకుండా ఎదురుగా బల్ల మీదున్న మనిషి వైపు చూస్తూ, ఆ బొంగురు గొంతుతో అన్నాడు:

"మర్చిపోయానని ఎవరు చెప్పారే నీకు? వీడు గంట మోగడం లేదని అడిగినప్పుడే అట్టపెట్టెల వెనక చెవి గుర్తొచ్చింది. వీడు చెబితే నేను లేచి చూడటమేంటని లేవలేదు. రాస్తే అది రాయి, లేకపోతే చింపెయ్."